ఇది పరీక్షలో వస్తుందా నాన్నా?



మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న దసరా సెలవుల్లో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ‘మాయాబజార్’ చూడబోతున్నామని నేను ప్రకటించాను. ‘ప్రకటించాను’ అన్న మాట కావాలనే వాడుతున్నాను, ఎందుకంటే ఎవరినీ అడగలేదు. పాప్‌కార్న్ చేయించాను, లైట్లు తగ్గించాను, సినిమా మొదలయ్యే ముందు పది నిమిషాలు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. 1957లో వచ్చిన సినిమా అనీ, దర్శకుడు కె.వి.రెడ్డి అనీ, మార్కస్ బార్‌ట్లీ కెమెరా పనితనం గమనించాలనీ, కంప్యూటర్లు లేని రోజుల్లో ఆ మాయలన్నీ తీశారనీ, పాండవుల బంధువుల కథే అయినా సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారీ కనిపించరనీ చెప్పాను.

పాపం, ఇరవై నిమిషాలు ఓపిక పట్టింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది: “నాన్నా, ఇది పరీక్షలో వస్తుందా?”

వెటకారం అనుకున్నాను. ముఖం చూస్తే అలా లేదు. పరీక్షలో వచ్చేదైతే శ్రద్ధగా చూద్దాం, రానిదైతే కాస్త ఫోన్ చూసుకుందాం, అంతే తన లెక్క. నాకు కోపం వచ్చింది. ‘ఈ తరానికి మంచి సినిమా విలువ ఏం తెలుసు’ అని ఒక మాట అనేశాను కూడా. ఆ రాత్రి పడుకునే ముందు మళ్ళీ ఆలోచిస్తే తప్పు ఎవరిదో అర్థమైంది. పాఠం చెప్పినట్టు చెప్పాను కాబట్టి పాఠమే అనుకుంది. సంవత్సరం, దర్శకుడు, ముఖ్యాంశాలు, గమనించవలసిన విషయాలు అంటూ నేను చేసింది అచ్చంగా గైడు పుస్తకం పని.

మనలో చాలామంది ఇదే చేస్తున్నామని నా అనుమానం. మన చిన్నప్పటి సినిమాలనూ సీరియళ్ళనూ పిల్లలకు మందులా పోస్తున్నాం. వాళ్ళు మింగకపోతే నొచ్చుకుంటున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

అమ్మ వచ్చి కూర్చుంది

ఆ సాయంత్రం సినిమాను కాపాడింది నేను కాదు, మా అమ్మ. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. తనకోసం తాను చూడటం మొదలుపెట్టింది. రాబోయే సన్నివేశం తెలుసు కాబట్టి అర నిమిషం ముందే నవ్వేది. మధ్యలో “ఇప్పుడు చూడు, సావిత్రి నడక ఎట్లా మారిపోతుందో!” అని తనలో తనే అనుకుంది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కదా, ఆ అమ్మాయి ఒంట్లోకి మగ రాక్షసుడి ఠీవి వచ్చేస్తుంది. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది. అంతకుముందు ప్రియదర్శిని పెట్టె దగ్గర “ఇది వీడియో కాల్ కదా!” అని ఒకసారి తలెత్తిందిగానీ, అసలు చూడటం మొదలుపెట్టింది మాత్రం నాయనమ్మ నవ్వు విన్నాకే.

“నాయనమ్మా, గింబళి అంటే ఏంటి?” అని అడిగింది.

“అట్లాంటి మాట నిఘంటువులో ఉండదే అమ్మడూ. కంబళి ఉంది కాబట్టి గింబళి. ఆ సినిమావాళ్ళు పుట్టించారు” అంది అమ్మ. ఆ మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు అని నా నోటి చివరి దాకా వచ్చింది. మింగేశాను. కొత్త మాట పుట్టించడాన్ని సినిమాలో ఘటోత్కచుడే వెనకేసుకొస్తాడు, ఇంక నా వ్యాఖ్యానం దేనికి?

మర్నాడు ఉదయం తొమ్మిదైనా మా అమ్మాయి దుప్పటి కప్పుకుని సోఫాలోంచి లేవలేదు. వాళ్ళమ్మ కేకలేస్తే లోపలినుంచి సమాధానం: “ఇది సోఫా కాదమ్మా, సోంబళి.”

మా అమ్మ పడీ పడీ నవ్వింది. “సోంబేరులు పడుకునేది సోంబళి. బాగానే కుదిరిందే!” అంది.

మా అమ్మాయికి తెలుగు అంటే ఒక సబ్జెక్టు. ప్రశ్నలు, జవాబులు, ప్రాజెక్టు. జవాబులు కంఠతా పట్టి మంచి మార్కులే తెచ్చుకుంటుంది. ఇంట్లో మాట్లాడేది సగం ఇంగ్లిష్, మిగతా సగం ‘ఊఁ’, ‘ఆఁ’. అలాంటి పిల్ల తెలుగులో ఒక మాటను సొంతంగా పుట్టించింది. 68 ఏళ్ళ కిందటి సినిమా మా ఇంటి సోఫాకు పేరు పెట్టింది. ఇది ఏ పరీక్షలోనూ రాదు, అయినా ఆ రోజంతా నాకు పండగలా ఉంది.

మన రోజులు నిజంగా అంత గొప్పవా?

ఇక్కడ కొంచెం నిజాయితీగా మాట్లాడుకుందాం. నాలాగా 1980 ప్రాంతంలో పుట్టినవాళ్ళం ఇద్దరం కలిస్తే చాలు, ‘మన రోజులే వేరు’ అని మొదలుపెడతాం. 1987లో మొదలైన ‘రామాయణ్’, ఆ తర్వాత ‘మహాభారత్’, మాస్టర్ మంజునాథ్ స్వామిగా నటించిన ‘మాల్గుడి డేస్’, శుక్రవారం ‘చిత్రలహరి’. టీవీ తెర మీద ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న బోర్డు వచ్చినా కదలకుండా దాన్నే చూస్తూ కూర్చున్నవాళ్ళం మనం.

నిజమే. కానీ ఆ బోర్డును కూడా చూశామంటే దాని అర్థం ఏమిటి? వేరే దిక్కు లేదు. మన ఊళ్ళలో దొరికేది దూరదర్శన్ ఒక్కటే. వ్యవసాయ కార్యక్రమాలు చూశాం, అర్థంకాని హిందీ వార్తలు చూశాం. ఆదివారం మధ్యాహ్నం వచ్చే ప్రాంతీయ భాషా చిత్రం ఈసారి తెలుగుదేమో అని ఆశపడి, ఏ అస్సామీ సినిమానో వస్తే అదీ చూశాం. మనకు అభిరుచి ఎక్కువై కాదు, చానల్ మార్చే వీలు లేక. అందులో నూటికి తొంభై మనకు గుర్తు లేవు. మిగిలిన పదిని మాత్రమే తీసి ‘మా రోజుల్లో’ అని పిల్లల ముందు పెడుతున్నాం. వాళ్ళు ఇప్పుడు చూస్తున్న నూరింటితో మన ఏరిన పదిని పోల్చడం న్యాయం కాదు.

2025లో ‘ఆదిత్య 369’ మళ్ళీ హాళ్ళకు వచ్చింది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ సరిగ్గా 35 ఏళ్ళ తర్వాత అదే మే 9న తిరిగి వచ్చింది. నేను మొదటిదానికి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. ఈలలు వేసింది అంతా నా వయసువాళ్ళే. మా అమ్మాయి కాలయంత్రాన్ని చూసి నవ్వింది. 2504వ సంవత్సరం చూసి ఇంకా నవ్వింది. శ్రీకృష్ణదేవరాయల కొలువులో తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ కనిపించాక మాత్రం కాస్త ముందుకు జరిగి కూర్చుంది. బయటికొచ్చాక “బావుంది నాన్నా, కానీ నువ్వు చెప్పినంత లేదు” అంది.

నిజమే, ఉండదు. నేను చెప్పినంత బాగుండాలంటే తనకు పదకొండేళ్ళుండాలి, సంవత్సరం 1991 అయ్యుండాలి, పక్కన మా నాన్న ఉండాలి. సినిమాను నేను మళ్ళీ చూపించగలనుగానీ మిగతావన్నీ తేలేను కదా.

తాళం వేసిన టీవీ

మా నాన్న గురించి చెప్పాలి.

మాది నరసరావుపేట. మా మొదటి టీవీకి చెక్క పెట్టె, రెండు పక్కల నుంచి మూసే తలుపులు, వాటికి తాళం. ఆ తాళం ఎందుకో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. 1995లో నేను పదో తరగతిలోకి వచ్చాక అర్థమైంది. ఆ ఏడాదే ఆగస్టులో ఈటీవీ మొదలైంది. ఊరంతా కేబుల్ కనెక్షన్లు పెట్టించుకుంటోంది. బడిలో అందరూ ముందు రోజు చూసినవాటి గురించే చెప్పుకునేవారు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో టీవీకి తాళం పడింది. తాళంచెవి నాన్న చొక్కా జేబులో ఉండేది.

నాన్నను తప్పుపట్టడం లేదు. నేను చదువుకోవాలని ఆయన కూడా టీవీ మానేశాడు. ‘చిత్రలహరి’ అంటే ప్రాణం ఆయనకు. శుక్రవారం సాయంత్రం ఆ వేళకు లేచి వీధి అరుగు మీద కూర్చునేవాడు. పక్కింట్లోంచి పాట వినపడేది. ఆయన లోపలికి వచ్చేవాడు కాదు, పక్కింటికి వెళ్ళేవాడూ కాదు.

ఆ ఏడాదిలో తాళం ఒక్కసారే తెరుచుకుంది. 1996 మార్చి 9, శనివారం. పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. బెంగళూరులో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, ఇండియా, పాకిస్తాన్. నేను లోపల గదిలో లెక్కలు చేస్తూ పక్కింటి అరుపులు వింటున్నాను. నాన్న గుమ్మంలో నిలబడి “రారా, కాసేపు చూద్దాం” అన్నాడు. తాళం తీశాడు. వకార్ యూనిస్ బౌలింగ్‌లో జడేజా బాదుడు, తర్వాత వెంకటేశ్ ప్రసాద్ ఆమిర్ సొహైల్ వికెట్లు ఎగరగొట్టడం. నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన అలా చప్పట్లు కొట్టడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ‘కాసేపు’ అన్న మనిషి మ్యాచ్ అయ్యేదాకా లేవలేదు. మర్నాడు మళ్ళీ తాళం.

పరీక్షలు బాగానే రాశాను. జూన్‌లో ఇంటర్ హాస్టల్‌కు పంపారు. ఆ తర్వాత ఇంజినీరింగ్ హాస్టల్, ఆ తర్వాత ఉద్యోగం. ‘పాడుతా తీయగా’లో బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల ఉచ్చారణను, వాళ్ళు చిన్నబుచ్చుకోకుండా సరిదిద్దుతుంటే ఇంటికి వెళ్ళినప్పుడు అడపాదడపా చూశాను. ఆదివారం రాత్రి ‘అమృతం’ హాస్టల్ కామన్ రూంలో నలభై మంది మధ్య చూశాను. మా నాన్నతో కలిసి మాత్రం వారం వారం ఏదో ఒకటి చూసే రోజులు మళ్ళీ రాలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయనతో ఒక తెర ముందు కూర్చున్న రోజుల్లో నాకు స్పష్టంగా గుర్తున్నది ఆ మార్చి 9 ఒక్కటే.

మీ దగ్గర కూడా ఇలాంటి ఒక రోజు ఉండే ఉంటుంది. గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు ఏం చూశారన్నది పెద్ద విషయం కాదని మీకే తెలుస్తుంది.

“ఆ అమ్మాయి వద్దంది కదా?”

దసరా తర్వాత మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. శనివారం రాత్రి సినిమా. ఒక వారం నా ఎంపిక, మరో వారం మా అమ్మాయిది. ‘ఆహ నా పెళ్ళంట’ పెట్టినప్పుడు నేను నోరు తెరవలేదు. పైనుంచి వేలాడగట్టిన కోడిని చూస్తూ పిసినారి కోట శ్రీనివాసరావు ఉత్త అన్నం తినే సీన్‌కి అమ్మమ్మలూ మనవరాళ్ళూ ఒకేలా నవ్వుతారని నాకు తెలుసు. సినిమా పేరు చూడగానే తనే “ఇది మాయాబజార్‌లో పాట కదా!” అంది. అంతకంటే మంచి మార్కులు నాకు అక్కర్లేదు.

అన్నీ ఇలా జరగలేదు. నా రెండో ఎంపిక తొంభైల్లో వచ్చిన ఒక ప్రేమకథ. పేరు చెప్పను, అప్పట్లో నేను మూడుసార్లు చూశాను. అందులో హీరో ఒక అమ్మాయి వెంట పడతాడు. కాలేజీకి, బస్సుకు, గుడికి. ఆమె వద్దంటుంది, తిడుతుంది, ఏడుస్తుంది. చివరికి పాట వస్తుంది, ప్రేమ పుడుతుంది. మా అమ్మాయి అడిగింది: “ఆ అమ్మాయి వద్దంది కదా నాన్నా? మళ్ళీ ఎందుకు వస్తున్నాడు?”

సినిమా ఆపాను. నా దగ్గర జవాబు లేదు. ఒక్క నిజం మాత్రం ఉంది: పద్దెనిమిదేళ్ళప్పుడు సరిగ్గా ఆ సీన్‌కే నేను ఈల వేశాను. అదే చెప్పాను. “నిజంగానా!” అన్నట్టు చూసింది. తర్వాత అరగంట మేం సినిమా చూడలేదు. ట్యూషన్ దగ్గర ఒక అబ్బాయి తన స్నేహితురాలిని ఎలా ఇబ్బంది పెడుతున్నాడో, ఇంట్లో చెబితే ట్యూషన్ మాన్పిస్తారని ఆ పిల్ల ఎలా భయపడుతోందో చెప్పింది. “నీకు అలాంటిది జరిగితే ట్యూషన్ మాన్పించం. ముందు నీ మాట వింటాం” అని నేనూ మా ఆవిడా చెప్పాం. ఆ పిల్ల తల్లితో మా ఆవిడ మాట్లాడింది కూడా.

ఆ సంభాషణ “రామ్మా, కూర్చో, నీతో ఒక విషయం మాట్లాడాలి” అంటే వచ్చేది కాదని నాకు గట్టి నమ్మకం. తల్లిదండ్రులు ఎదురుగా కూర్చుంటే పిల్లలు మాట్లాడరు. పక్కన కూర్చుని, అందరం ఒకే వైపు చూస్తుంటే మాట్లాడతారు. పాత సినిమాల్లో లోపాలున్నాయి. నల్లగా ఉన్నవాళ్ళ మీద జోకులు, నత్తి మీద జోకులు, కమెడియన్‌ను ఊరికే చెంపదెబ్బలు కొట్టడం, ఇవన్నీ మనం నవ్వుకుంటూ చూసినవే. వాటిని దాచిపెట్టి ‘ఆణిముత్యాలు’ మాత్రమే చూపించాలని లేదు. పక్కన మనం ఉంటే ఆ లోపం కూడా పనికొస్తుంది. మనం లేకుండా ఫోన్‌లో ఒంటరిగా చూస్తేనే అది లోపలే ఉండిపోతుంది.

సందేహాలు నాకూ ఉన్నాయి

‘స్క్రీన్ టైం తగ్గించమంటుంటే మీరు పెంచమంటున్నారా?’ అని మీరు అడగవచ్చు. మా ఆవిడ మొదటే అడిగింది. హాల్లో అందరూ కలిసి చూసే ఒక సినిమానూ, గదిలో తలుపేసుకుని చూసే మూడు గంటల రీల్స్‌నూ ఒకే ఖాతాలో రాయడం నాకు సరిగ్గా అనిపించదు. సినిమాకు మొదలుంది, చివరుంది. అయిపోగానే టీవీ కట్టేసి పడుకుంటాం. మా ఇంట్లో శనివారం సినిమా వేళ ఫోన్లన్నీ బుట్టలో పెడతాం, నాది ముందు. ఆ లెక్కన మా ఇంట్లో స్క్రీన్లు నాలుగు నుంచి ఒకటికి తగ్గాయి.

‘తొమ్మిది, పది తరగతుల్లో సినిమాలా?’ ఇదీ న్యాయమైన ప్రశ్నే. మనం ఫీజులు కట్టేది చదువు కోసమే. కానీ వారానికి 168 గంటలు. అందులో రెండున్నర గంటలు పోతే ర్యాంకు పోతుందంటే, మిగతా 165 గంటల సంగతి చూసుకోవాల్సి ఉంటుంది. ‘మాయాబజార్’ మూడు గంటల సినిమా కాబట్టి మేం రెండు ముక్కలుగా చూశాం. యూనిట్ టెస్టులు ఉన్న వారం మానేశాం. దాన్ని ఎవరూ త్యాగంలా చెప్పుకోలేదు.

పాఠశాల యాజమాన్యానికి కూడా చిన్న మనవి. వారాంతపు పరీక్ష మార్కుల మెసేజ్ శనివారం రాత్రి కాకుండా ఆదివారం ఉదయం పంపగలిగితే చాలా ఇళ్ళలో ఒక పూట ప్రశాంతంగా గడుస్తుంది. మెసేజ్ రాగానే తెరిచి, సినిమా మధ్యలో “ఫిజిక్స్‌లో ఇంతేనా?” అనేది మేమే. అది మా తప్పే. మా తప్పుకు మీరు కాస్త సాయం చేయండి, అంతే.

మా ఇంటి పద్ధతి

మీకు పనికొస్తుందేమో అని మేం చేస్తున్నది రాస్తున్నాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ఎంపికలో వంతులు తప్పవు. పిల్లల వంతు వచ్చినప్పుడు వాళ్ళు పెట్టింది చివరిదాకా చూడాలి, మూతి విరవకూడదు.

సినిమాకు ముందు ఉపన్యాసం వద్దు. తర్వాత ప్రశ్నలు వద్దు. ‘దీన్నుంచి ఏం నేర్చుకున్నావు?’ అన్న మాట మా ఇంట్లో నిషేధం.

నలభై నిమిషాలైనా ఎవరికీ నచ్చకపోతే ఆపేయవచ్చు. నా ఎంపికలు రెండు అలా ఆగిపోయాయి. గర్వభంగం అయ్యిందిగానీ బతికే ఉన్నాను.

ఎవరైనా, ఎప్పుడైనా ఆపి మాట్లాడవచ్చు. సినిమా ఎక్కడికీ పోదు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ కుర్చీ మధ్యలో వేయండి. వేరే ఊళ్ళో ఉంటే ఆ రోజు ఫోన్ చేసి, ఆ సినిమా వాళ్ళు మొదటిసారి ఎక్కడ చూశారో పిల్లలతోనే అడిగించండి.

డెబ్బై శనివారాలు

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ఒక లెక్క నన్ను కుదిపేసింది. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకు ఇంకా పదహారు నెలలు. అంటే సుమారు 70 శనివారాలు. ఆ తర్వాత ఇంటర్. మనలో చాలామంది లాగే మేమూ హాస్టల్ అనుకుంటున్నాం. ఇంటర్ తర్వాత ఏ ఊరో, ఏ దేశమో. ఆ 70లో పరీక్షలు, పెళ్ళిళ్ళు, జ్వరాలు, నా ఆఫీసు పనులు తీసేస్తే సగం మిగులుతాయి. అంటే మా అమ్మాయితో కలిసి చూడగలిగేది మహా అయితే 35 సినిమాలు. సగం వంతులు తనవి కాబట్టి నా చేతిలో ఉన్నవి పద్దెనిమిది లోపే.

ఈ లెక్క వేశాక నా ‘తప్పక చూడాల్సిన వంద సినిమాలు’ జాబితా చించేశాను.

చివరిగా, మొన్నటి శనివారం సంగతి. వంతు మా అమ్మాయిది. ‘మై నైబర్ టోటోరో’ అనే జపాన్ యానిమేషన్ సినిమా పెట్టింది. బొమ్మల సినిమా అని నేను కొంచెం తేలిగ్గానే కూర్చున్నాను. “1988లో వచ్చింది నాన్నా, నీ రామాయణ్ రోజుల్లోదే” అంది. హయావో మియజాకీ తీసిన సినిమా. అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఇద్దరు చిన్నపిల్లలు నాన్నతో పల్లెటూరికి వస్తారు. అక్కడి అడవిలో ఒక పెద్ద బొద్దు జీవి. పిల్లి ఆకారంలో ఒక బస్సు. విలన్ లేడు, ఫైట్ లేదు. నాకు తెలియకుండానే కళ్ళు తడిశాయి.

మా అమ్మకు ఆ భాష రాదు, తెర కింద వచ్చే ఇంగ్లిష్ అక్షరాలు చదవలేదు. మా అమ్మాయి నాయనమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని మొత్తం కథ తెలుగులో చెప్పింది. “ఆ చిన్నదానికి వాళ్ళమ్మ కోసం బెంగ నాయనమ్మా, అందుకే ఆ మొక్కజొన్న పొత్తు పట్టుకుని బయల్దేరింది” అంటూ గంటన్నర. మాట దొరకనప్పుడు ఆగింది, నాయనమ్మను అడిగింది, మళ్ళీ కొనసాగించింది.

1987లో మా వీధిలో ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేది. ఆదివారం ఉదయం ‘రామాయణ్’కు ముప్పై మందిమి చేరేవాళ్ళం. సీరియల్ హిందీలో, మాలో ఎవరికీ హిందీ రాదు. మా అమ్మకూ రాదు, కానీ కథ వచ్చు. గోడ దగ్గర నిలబడి అందరికీ తెలుగులో చెప్పేది. కరెంటు పోయినా ఆపేది కాదు, చీకట్లోనే యుద్ధం నడిపించేది.

ఆవిడ ఇప్పుడు కుర్చీలో కూర్చుని, మనవరాలు చెబుతుంటే వింటోంది. ఆ సినిమా పరీక్షలో వస్తుందా అని ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

వచ్చే శనివారం వంతు మా అమ్మది. ఏం పెట్టాలో ఇంకా చెప్పలేదు. మేం ఎదురుచూస్తున్నాం.